భూమి సంతోషించు తావులు

ఒక గ్రంథము ఏ ఊరినుండి లోకమునకు వెలువడినదో ఆ ఊరి పేరు గ్రంథచరిత్రలో తరచుగా మరుగున పడుచుండును. సూరతు అనగానే మనకు తపతీనదీ ముఖమున మొగలాయి కాలపు రేవు, ఆంగ్లేయుల వర్తకశాల, నేటి వజ్రపు సానలు, మరమగ్గములు జ్ఞప్తికి వచ్చును. పార్సీల పవిత్రగ్రంథమగు అవెస్తా యూరపు ఖండమునకు తెలియవచ్చినది ఈ రేవునుండియే యని తలచువారు అరుదు. 1758 లో ఆంక్తిల్ దుపెర్రోన్ అను ఫ్రెంచి యువకుడు సూరతు చేరి, దస్తూరు దారాబు అను పార్సీ పురోహితుని ఆశ్రయించి, 1761 వరకు అచ్చటనే యుండి ఆ గ్రంథములను అభ్యసించెను. ఆ దారాబు, ఇరానునందలి కెర్మానునుండి 18వ శతాబ్ది తొలిపాదమున వచ్చిన జామాస్పు అను పండితునికడ చదువుకొనినవాడు. దుపెర్రోన్ వ్రాతప్రతులను మూటగట్టుకొని స్వదేశమునకు మరలి, 1762 లో వానిని పారిస్ రాజగ్రంథాలయమున నుంచి, 1771 లో తన యనువాదమును మూడు సంపుటములుగా ప్రకటించెను.

అది వెలువడిన యేడే విలియం జోన్సు దానిని పరిహసించుచు ఫ్రెంచిభాషలో ఒక లేఖ అచ్చువేయించెను. అప్పటికి ఆయన ఇరువదియైదేండ్లవాడు. కలకత్తాలో సంస్కృతము నేర్చి కీర్తి గడించుట తరువాతి కథ. జరథుష్ట్రునివంటి ప్రవక్త ఇంత నిస్సారముగా పలుకడనియు, కావున ఇది కూటగ్రంథమనియు ఆయన వాదించెను. ఆ వాదము నిలువలేదు. 1826 లో డెన్మార్కు పండితుడు రాస్కు, ఆ వెనుక ఫ్రెంచి పండితుడు బుర్నూఫు, అవెస్తాభాష ప్రాచీనతను, సంస్కృతముతో దానికిగల బాంధవ్యమును స్థిరపరచిరి. అయినను నిస్సారమను నింద పూర్తిగా తొలగిపోలేదు. గ్రంథము నిజమైనదని తేల్చుట భాషావేత్త పని. అది చదువదగినదా కాదా యని తేల్చుట విమర్శకుని పని. ఆ రెండవ పనిని, ఆ గ్రంథమున ఒక్క అధ్యాయమును పట్టుకొని, ఇచ్చట చేయ యత్నింతును.

అవెస్తాలో వెందీదాదు అను భాగము ఇరువదిరెండు అధ్యాయములు గలది. అందు అధికభాగము శౌచాశౌచ నియమములు. మూడవ అధ్యాయము మాత్రము భూమిని గూర్చినది. జరథుష్ట్రుడు అహురమజ్దాను అడుగును: భూమి మిక్కిలి సంతోషించు తావు ఏది? సమాధానము వచ్చును. రెండవ తావు ఏది? మరల సమాధానము. ఇట్లు అయిదు తావులు. భక్తుడు సమిధలు, పాలు చేతబట్టి ప్రార్థించుచు అడుగిడు చోటు మొదటిది. గృహస్థు ఇల్లు కట్టి, ఆలుబిడ్డలతో, పశువులతో, అగ్నితో వర్ధిల్లు చోటు రెండవది. ధాన్యమును, గడ్డిని, ఫలవృక్షములను విరివిగా పెంచు చోటు, మెట్టకు నీరు పెట్టి ఊబినేలనుండి నీరు తీయు చోటు మూడవది. మందలు వృద్ధిపొందు చోటు నాలుగవది. ఆ మందలు పేడ సమృద్ధిగా వేయు చోటు అయిదవది.

జోన్సునకు వెగటు గొలిపినది ఇట్టి పునరుక్తియే యనుకొనవచ్చును. ప్రశ్న ఒక్క తీరు, జవాబు ఒక్క తీరు, నడుమ అలంకారము లేదు. కాని ప్రార్థనతో మొదలైన జాబితా పెంటపోగుతో ముగిసిన తీరును గమనింపుడు. స్వరము ఎచ్చటను తగ్గలేదు. సమిధ చేతబట్టినవానికి ఏ మర్యాద దక్కినదో ఎరువు తోలినవానికిని అదే మర్యాద దక్కినది. కవి ఇక్కడ ఒక్క ఉపమానము చెప్పియున్నను, ఒక్క మెట్టు ఎక్కువ తక్కువలు చూపియున్నను, ఆరాధన గొప్పది, వ్యవసాయము దానికి లోబడినది అను భావము చొరబడియుండును. పునరుక్తియే ఆ చొరబాటును అడ్డుకొనినది. రైతు చాలు వెంబడి చాలు వేయునట్లు సాగిన ఈ రచన, తన విషయమునకు తగిన శైలిని తానే ఎన్నుకొనినది. దీనిని నిస్సారమనుట, దుక్కిని చూచి ఇందులో బొమ్మలు లేవనుటవంటిది.

పిదప భూమి దుఃఖించు తావులు చెప్పబడినవి. అవియును అయిదే. దుష్టశక్తులు చేరు కొండమెడ ఒకటి. మానవుల, కుక్కల కళేబరములు పూడ్చిన చోటు ఒకటి. శవములనుంచు దఖ్మాలు పెక్కుగా లేచిన చోటు ఒకటి. హానిచేయు పురుగుల బొరియలు నిండిన చోటు మరియొకటి. ఈ నాలుగును మతనియమములు తెలిసినవాడు ఎదురుచూచునవే. అయిదవది ఎదురుచూడనిది. ధర్మపరుని ఆలుబిడ్డలను చెరపట్టి, ఎండిన దుమ్ముబాటను నడిపించుకొని పోవగా వారు ఎలుగెత్తి ఏడ్చు చోటు భూమికి దుఃఖకరమని ఆ గ్రంథము చెప్పును. శవము నేలను మలినపరచునను మాట మనకు బోధపడును. పురుగు నేలను తొలుచునను మాటయు బోధపడును. కాని ఒక స్త్రీ యేడ్పు నేలకు గాయమగుట ఎట్లు? ఆ గ్రంథము వివరింపదు. బొరియల వెనుకనే ఆ బాటను ఉంచి ఊరకుండును. భూమిని కాపాడుట అనగా మట్టిని శుచిగా నుంచుట మాత్రమే కాదు, మట్టిమీద మనుజులను నిలువనిచ్చుటయునని చెప్పకయే చెప్పినట్లయినది. ఈ అధ్యాయమునకు ప్రాణము ఇచ్చటనే యున్నదని నా యభిప్రాయము.

భూమి ఇందు మాటాడును కూడ. కుడిచేతను ఎడమచేతను తన్ను దున్నినవానికి నేను పండుచునే యుందునని మాట యిచ్చును. దున్ననివానితో, నీవు పరుల వాకిట యాచకుల నడుమ నిలుతువని చెప్పును. విత్తుట సత్యధర్మమును విత్తుటతో సమానమని, తిండిలేనివానికి ధర్మము చేయుటకుగాని సేద్యము చేయుటకుగాని సంతానము కనుటకుగాని బలముండదని ఈ అధ్యాయమే చెప్పుచున్నది. ఉపవాసమును పుణ్యముగా నెంచు మతములను ఎరిగిన మనకు ఈ మాట విడ్డూరముగా నుండును. అంతటితో ఆగక, భూమిని దున్ని పండించియు ధర్మపరునకు ప్రీతితో పెట్టనివాడు స్పెంత ఆర్మయితి చీకటిలో పడునని హెచ్చరించును. స్పెంత ఆర్మయితి భూమికి అధిదేవత. ఆ పేరునకు వినయముతో కూడిన భక్తి యని యర్థము. ఋగ్వేదమునందలి అరమతి శబ్దము దీనికి జ్ఞాతి. భక్తికిని భూమికిని ఒకే పేరు పెట్టిన జాతి, సేద్యమును మతమునుండి వేరుచేసి చూడజాలకపోవుట సహజము.

మన వాఙ్మయమున దీనికి సాటివచ్చునవి లేకపోలేదు. అథర్వవేదము పండ్రెండవ కాండమునందలి భూమిసూక్తమున ఋషి నేలను త్రవ్వుచు, త్రవ్విన చోటు వేగముగా మరల మొలకెత్తవలెననియు, నీ మర్మస్థానమును నేను గాయపరచకుందునుగాక యనియు వేడుకొనును. పోతన భాగవతమున చతుర్థస్కంధమునందలి పృథుచరిత్రము తెలుగువారికి సుపరిచితము. ప్రజలు ఆకలిచే అలమటింప, పృథువు విల్లెక్కుపెట్టి భూమిని తరుమును. ఆమె గోరూపమున పారిపోయి, తుదకు నిలిచి సమాధానము చెప్పును. దుర్మార్గులు భుజించుచుండగా విత్తనములను నాలో దాచుకొంటినని ఆమె వాదము. తగిన దూడను, తగిన పాత్రను తెమ్మనియు, మిట్టపల్లములను సమము చేయుమనియు ఆమె కోరిక. అక్కడను భూమి మాటాడును, తన పక్షమున న్యాయము చెప్పుకొనును. కాని పృథుకథలో భూమి ఎదుట నిలిచినవాడు రాజు. వెందీదాదులో నిలిచినవాడు రైతు. ఈ భేదము చిన్నది కాదు.

ఇంకొక భేదమును దాచుట విమర్శకునకు తగదు. వెందీదాదు చెప్పు ధర్మపరుడు తన మతమువాడు. దుమ్ముబాటను ఏడ్చునదియు ఆ మతమువాని భార్యయే. భూమిసూక్తమునందలి భూమి పలుభాషలు పలుకువారిని, పలు ఆచారములు గలవారిని, వారివారి నివాసములనుబట్టి ఒక్కతీరుగా మోయుచున్నది. వెందీదాదునకు చూపు లోతు. భూమిసూక్తమునకు చూపు వెడల్పు. ఈ రెండును ఒకచోట కలిసిననాడు ఏమి జరుగునన్నది సూరతు మండల చరిత్ర అడుగు ప్రశ్న.

ఆ చరిత్రకు తొలికావ్యము సూరతునకు దక్షిణమున, దాపుననే యున్న నవసారిలో పుట్టినది. 1599 లో బహమన్ కైకోబాదు అను పురోహితుడు పారసీభాషలో నాలుగు వందలకు పైబడిన ద్విపదలలో కిస్సా ఇ సంజాను అను కావ్యమును రచించెను. ఇరానునందు తమ రాజ్యము కూలిన వెనుక కొందరు కొండలలో తలదాచుకొని, హోర్ముజు చేరి, ఓడలెక్కి దీవు ద్వీపమున కొంతకాలముండి, తుపానును దాటి సంజాను తీరమున దిగుట ఇందలి కథ. ప్రజలలో ప్రచారమున నున్న కథ వేరు. రాజు అంచులదాక పాలు నిండిన పాత్రను పంపెననియు, పురోహితుడు అందు పంచదార కలిపి, చోటు ఆక్రమింపక తీపి మాత్రము కలిగింతుమని సూచించెననియు దేశమంతట చెప్పుకొందురు. ఆ కథ ఈ కావ్యమున లేదు. కావ్యముననున్నది జాది రాణా అను రాజు, ఆయన పెట్టిన షరతులు: మతమును వివరింపుడు, ఈ నేల భాష మాటాడుడు, స్త్రీలు ఈ నేల కట్టు కట్టవలెను, ఆయుధములు విడువుడు, పెండ్లిండ్లు సాయంకాలమున చేయుడు. పిదప అడవియై జనశూన్యముగా నున్న నేలను వారు పొందిరి. దానిని ఊరుగా మార్చిరి. సంజాను అని పేరిడిరి.

పాలు పంచదారల కథ అందమైనదే, సందేహము లేదు. కాని అందులో చెమట లేదు. పంచదార కరగుటకు శ్రమ యక్కరలేదు. అడవి ఊరగుటకు తరములు పట్టును. కాందిశీకుడు కరగిపోవువాడుగా నుండవలెనని ఆతిథేయుడు కోరుకొను కోరికయే జానపదకథలో తీపిగా మిగిలినట్లున్నది. కావ్యము అంతకంటె నిజాయితీ గలది. వచ్చినవాడు నేల అడిగెను, నేల పొందెను, నేలను బాగుచేసెను. వెందీదాదులో భూమికి ప్రీతియైన రెండవ తావును, మూడవ తావును వారు సంజానులో తమ చేతులతో కల్పించుకొనిరి. అయిదవ దుఃఖస్థానమగు ఆ దుమ్ముబాట వారు నడచివచ్చినదే.

మన శాసనముల చివర వచ్చు సంప్రదాయశ్లోకములలో ఒకటి, భూమిని దానము చేయుటకంటె ఇచ్చిన దానమును పాలించుట శ్రేయమని చెప్పును. మాన్యములు, అగ్రహారములు ఇచ్చిన రాజులందరును ఆ హెచ్చరికను చెక్కించిరి. అది వెనుక వచ్చు రాజునకు చెప్పిన మాట. గ్రహీతకు చెప్పిన మాట కిస్సాలో కనబడును. సంజానుపై సుల్తాను సైన్యము దండెత్తినపుడు, ఆయుధములు విడిచిన షరతుకు లోబడి జీవించినవారే మరల ఆయుధములు పట్టి రాజు పక్షమున నిలిచిరని, వారు పదునాలుగు వందలమంది యని కవి వర్ణించెను. షరతును మీరుటయే షరతునకు కట్టుబడుట యైన ఘట్టమది. కావ్యమున ఉత్తమభాగము ఇదియే. వారు ఓడిరి. సంజాను చేజారెను. అగ్నిని మాత్రము కాపాడుకొని బహరోటు కొండకు, బాంస్డాకు, నవసారికి చేర్చిరి. ఆ వెనుకటి కాలమున 1733 నుండి 1736 వరకు ఆ అగ్ని సూరతులోనే యుండెను. 1742 నుండి ఉద్వాడలో వెలుగుచున్నది. కావ్యము ఉత్తరార్ధమున నేలను విడిచి అగ్ని వెంట నడచుట చదువరి గమనింపదగినది. అగ్నిని మోసికొనిపోవచ్చును, నేలను మోసికొనిపోవుట ఎవరివల్లను కాదు. మోయగలిగినదానిమీద ప్రేమ పెరిగి, మోయలేనిదాని మాట తగ్గెను. అది కవి లోపము కాదు. స్థానభ్రష్టుల చరిత్ర యంతయు అట్లే వ్రాయబడును.

ఇక కావ్యము ముగిసినచోట చరిత్ర మొదలగును. 1689 లో స్వదేశమునుండి బయలుదేరి సూరతు వచ్చిన ఓవింగ్టను అను ఆంగ్ల మతగురువు, పార్సీలు పాటుపడువారనియు, ఆ సీమ మగ్గములకడ వారే మొదటివారనియు వ్రాసెను. సేద్యము, తోటలపెంపకము వారి పరంపరాగత వృత్తులు. ఆ కాలమున వెందీదాదునకును వారి జీవనమునకును దూరము తక్కువ. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున సూరతు మండలపు తూర్పు తాలూకాలలో పరిస్థితి మారెను. కల్లు, సారా గుత్తలు, వానివెంట వచ్చిన అప్పులు మార్గముగా, చౌధరి మొదలగు ఆదివాసుల పొలములు కొందరు పార్సీ భూస్వాముల చేతికి, ఇతర వడ్డీవ్యాపారుల చేతికి పోయెను. 1922 లో ఆ ఆదివాసులు దేవి ఆనతియని చెప్పి మద్యమును మానిరి; కల్లు వర్తకులకును ఆ భూస్వాములకును పనిచేయ నిరాకరించిరి. 1953 లో, నాడు సూరతు జిల్లాలో చేరియున్న పారడి తాలూకాలో, వేరువేరు కులముల, మతముల భూస్వాములు గడ్డివ్యాపారమునకై బీడుగా నుంచిన నేలలలో ధాన్యము పండించుటకు చోటు కావలెనని భూమిలేని ఆదివాసులు సత్యాగ్రహము చేసిరి.

వెందీదాదు గడ్డిని నిందింపలేదు; ధాన్యముతోపాటు గడ్డిని కూడ భూమికి ప్రీతికరమనెను. కాని చిరకాలము విత్తనము పడని నేల దుఃఖించుననియు, ఆకలిగొన్నవానికి ధర్మాచరణకు బలముండదనియు ఆ అధ్యాయమే పలికినది. పారడి ఆదివాసులు వెందీదాదును చదివినవారు కారు. అయినను వారి కోరిక ఆ అధ్యాయమునకు వ్యాఖ్యానమువలె నున్నది. గ్రంథమును కంఠస్థము చేసినవారిలో కొందరు దానికి ఎదురుగా నడచుట, గ్రంథము పేరైన విననివారు దాని పక్షమున నిలుచుట, ఏ మతచరిత్రలోనైనను కనబడునదే. మన అగ్రహారముల చరిత్రయు ఇందుకు మినహాయింపు కాదు. ఇంతకు నే చెప్పదలచినది ఒక సమాజమును తప్పుపట్టుట కాదు. తన వారిని తూచు త్రాసును తనలోనే యుంచుకొనిన గ్రంథము గొప్పదని చెప్పుట. ధర్మపరుని ఆలుబిడ్డలు అను మాటను ఏ ఆలుబిడ్డలైనను అని చదువుకొనిననాడు, ఆ అయిదవ తావు చౌధరి కుటుంబము పొలము విడిచిపోయిన బాటయు కాగలదు. గ్రంథకర్త ఆ వెడల్పును ఉద్దేశించియుండడు. మాట మాత్రము దానిని మోయగలిగియున్నది. ఉత్తమసాహిత్యమునకు ఇది గురుతు.

భూమిని మలినపరచరాదను నియమము సూరతునందు నేటికిని ప్రాణముతో నున్నది. కోవిడు వ్యాపించిన కాలమున మృతులను దహనముగాని ఖననముగాని చేయవలెనను ప్రభుత్వ నియమము పార్సీలకు సంకటమయ్యెను. నిప్పును నేలను రెంటిని శవస్పర్శనుండి కాపాడుట వారి ధర్మము. సూరతు పార్సీ పంచాయతీవారు గుజరాతు హైకోర్టును, పిదప సుప్రీంకోర్టును ఆశ్రయించిరి. 2022 ఫిబ్రవరిలో ఇరుపక్షములు సమ్మతించిన పద్ధతిని సుప్రీంకోర్టు ఆమోదించెను. దఖ్మాపై వ్రాలవలసిన రాబందులు మాత్రము పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అను మందువలన దేశమంతట దాదాపు అంతరించెను. 2006 లో ఆ పశువైద్యపు మందు నిషేధింపబడునప్పటికే నష్టము జరిగియుండెను. నేలపట్ల ఒక చిన్న సమాజము పాటించు శౌచము, ఇతరులు తమ పశువులకు ఏ మందు వేయుదురో దానిపై ఆధారపడియున్నది. భూమిసూక్తపు వెడల్పు లేనిచో వెందీదాదు లోతు నిలువదని దీనికంటె స్పష్టముగా చెప్పు సాక్ష్యము వేరొండు లేదు.

సూరతు మరమగ్గములకడ నేడు తెలంగాణమునుండి వలసవెళ్ళిన మన నేతపనివారు వేలమంది కలరు. లింబాయతు మొదలగు పేటలలో తెలుగు మాట వినబడును. ఓవింగ్టను పార్సీలను చూచిన వృత్తిలో ఈనాడు వారిని చూడవచ్చును. మగ్గమును వెంట కొనిపోయినవారు ఊరిని కొనిపోలేదు. ఆ బాటలో దుమ్ము ఎంతయో, అందు ఏడ్పు ఎంతయో లెక్కించినవారు తక్కువ. భూమి దుఃఖించు తావులను అడిగి తెలిసికొనిన ప్రాచీనగ్రంథమొకటి ఆ నగరమునుండియే లోకమునకు పోయినది. దానిని నిస్సారమన్నవారు సమాధానములను చదివిరి. ఆ ప్రశ్నను తమకై వేసికొనలేదు. ఏ ఊరి పొలిమేరలో నిలిచియైనను ఆ ప్రశ్న వేయవచ్చును: ఇచ్చట భూమి సంతోషించు తావు ఏది? ఇచ్చటినుండి ఎవరి ఆలుబిడ్డలు నడచిపోయిరి?